వేడిని తోడిపోసే యంత్రం

మే నెల పెళ్ళిళ్ళలో వంటశాల వైపు వెళ్ళినవాళ్ళకు ఒక వింత కనిపిస్తుంది. బయట 42 డిగ్రీల ఎండ. పెద్ద పొయ్యిల మీద డేగిసాలు కుతకుతలాడుతుంటాయి. వాటికి గ్యాస్ అందించే సిలిండర్ మాత్రం సగం ఎత్తు దాకా చెమర్చి, ఒక్కోసారి తెల్లటి మంచుపొర కట్టి ఉంటుంది. మంట సన్నబడుతోందంటూ వంటమేస్త్రి దాన్ని గోరువెచ్చటి నీళ్ళ టబ్బులో నిలబెడతాడు.

ఆ సిలిండర్‌ను ఎవరూ ఫ్రిజ్‌లో పెట్టలేదు. లోపల ద్రవంగా ఉన్న గ్యాస్ గబగబా ఆవిరవుతోంది, అంతే. ఆవిరి కావాలంటే వేడి కావాలి. ఆ వేడిని అది సిలిండర్ ఇనుము నుంచి, ఆ ఇనుము చుట్టూ ఉన్న గాలి నుంచి లాక్కుంటుంది. ఇనుము చల్లబడుతుంది, గాలిలో తేమ దాని మీద పేరుకుంటుంది.

కారు ఏసీలో జరిగేదీ ఇదే. తేడా ఒక్కటి. సిలిండర్ నుంచి వచ్చిన గ్యాస్ పొయ్యిలో కాలిపోతుంది. కారులో ఆవిరైన గ్యాస్‌ను వదిలిపెట్టరు. దాన్ని పట్టి నొక్కి, మళ్ళీ ద్రవంగా మార్చి, మళ్ళీ ఆవిరి చేస్తారు. గ్యాస్ గొట్టాల్లోనే గిరగిరా తిరుగుతూ ఉంటుంది, బయటికి పోయేది కారులోని వేడి ఒక్కటే. ఏసీ చల్లదనాన్ని తయారుచేస్తుందని అనుకున్నంత కాలం దాని రోగాలు మనకు అంతుబట్టవు. వేడిని లోపల తోడి బయట పోస్తుందని గుర్తుపెట్టుకుంటే, ఏ ఫిర్యాదు వచ్చినా అడగాల్సిన ప్రశ్న ఒక్కటే మిగులుతుంది: ఆ వేడి దారిలో ఎక్కడ ఆగిపోయింది?

నాలుగు మజిలీలు

మన రోడ్ల మీద తిరిగే కార్లలో చాలావాటి ఏసీల్లో ఉన్నది ఆర్-134ఎ అనే పదార్థం. దీన్నే మెకానిక్‌లు క్లుప్తంగా ‘గ్యాస్’ అంటారు. మామూలు వాతావరణ పీడనంలో ఇది మైనస్ 26 డిగ్రీల దగ్గరే మరిగిపోతుంది. పీడనం వాతావరణానికి మూడింతలైతే సున్నా డిగ్రీల దగ్గర మరుగుతుంది. పదిహేడింతలైతే 60 డిగ్రీల దాకా మరగకుండా ద్రవంగానే ఉంటుంది. అంటే పీడనాన్ని మార్చి, ఈ పదార్థం ఎక్కడ వేడి తాగాలో ఎక్కడ కక్కాలో మనమే శాసించవచ్చన్న మాట. ఏసీలోని భాగాలన్నీ ఆ పీడనాన్ని ఒకచోట పెంచడానికి, మరోచోట తగ్గించడానికి ఏర్పడ్డవే.

మొదటి మజిలీ కంప్రెసర్. పెట్రోలు, డీజిలు కార్లలో దీన్ని ఇంజిన్ ఒక బెల్టుతో తిప్పుతుంది. తక్కువ పీడనంలో వచ్చిన చల్లటి ఆవిరిని ఇది పీల్చి, గట్టిగా నొక్కి, బాగా వేడెక్కిన ఆవిరిగా బయటికి తోస్తుంది. ఈ పనికి ఇంజిన్ నుంచి సుమారు ఒకటి నుంచి నాలుగు కిలోవాట్ల శక్తి తీసుకుంటుంది. చిన్న కారులో ఏసీ వేసుకుని ఫ్లైఓవర్ ఎక్కుతుంటే బండి కాస్త మొరాయించినట్టు అనిపించేది అందుకే.

రెండోది కండెన్సర్. ముందు బంపరు జాలీ వెనక, రేడియేటర్‌కు ముందు పలచగా నిలబడి ఉండే అల్యూమినియం వల ఇది. బయట ఎండ 42 డిగ్రీలున్నా, లోపలి ఆవిరి 60 డిగ్రీల పైన ఉంటుంది కాబట్టి వేడి బయటి గాలిలోకే పోతుంది. వేడి పోయిన ఆవిరి ద్రవమవుతుంది. కారు లోపల తోడిన వేడి, దానికి తోడు కంప్రెసర్ నొక్కుడు వల్ల పుట్టిన వేడి, రెండూ ఇక్కడే బయటపడాలి. మొత్తం ఏసీలో బరువు మోసేది ఈ వలే. దీని తర్వాత డ్రయర్ అనే చిన్న డబ్బా ఉంటుంది. ద్రవంలో ఏమాత్రం తేమ ఉన్నా పీల్చుకోవడం దాని పని.

మూడోది ఎక్స్‌పాన్షన్ వాల్వ్. పేరు పెద్దదే గానీ మనిషి సన్నని రంధ్రం. అధిక పీడనంలో ఉన్న ద్రవం ఈ ఇరుకులోంచి చిమ్ముకుని అవతలకు పడగానే పీడనం ఒక్కసారిగా పడిపోతుంది. ఉష్ణోగ్రత కూడా సున్నా దగ్గరికి దిగుతుంది.

నాలుగోది డాష్‌బోర్డు లోపల దాగి ఉండే కూలింగ్ కాయిల్. బ్లోయర్ తోసే గాలి దీని రెక్కల మధ్య నుంచి వెళ్తూ తన వేడిని ఇచ్చేస్తుంది. ఆ వేడితో లోపలి ద్రవం మరిగి ఆవిరవుతుంది. గాలి చల్లబడి మన ముఖానికి తగులుతుంది. ఆవిరి మళ్ళీ కంప్రెసర్ వైపు బయల్దేరుతుంది.

చిన్న కారు ఏసీలో ఉండే గ్యాస్ సుమారు 400 నుంచి 600 గ్రాములు. ఏసీ పూర్తి జోరుగా నడుస్తున్నప్పుడు ఆ కాస్త గ్యాసే నిమిషానికి మూడు నాలుగు సార్లు ఈ నాలుగు మజిలీలూ చుట్టి వస్తుంది. నలుగురు కూర్చునే ఆ డబ్బాను చల్లబరచడానికి కావాల్సిన సామర్థ్యం తక్కువేమీ కాదు. పడగ్గదికి పెట్టించుకునే ఒకటి, ఒకటిన్నర టన్నుల ఏసీతో సమానం. కారుకు చుట్టూ అద్దాలే. మిట్టమధ్యాహ్నం ప్రతి చదరపు మీటరు మీదా దాదాపు ఒక కిలోవాట్ ఎండ పడుతుంది. పైగా ఇంట్లో ఏసీకి అరగంట గడువిస్తాం, కారులో ఐదు నిమిషాలు కూడా ఓపిక పట్టం.

బానెట్ ఎత్తితే ఈ కథనంతా రెండు గొట్టాల్లో చూడవచ్చు. ఏసీ కాసేపు నడిచాక, డాష్‌బోర్డు వైపు వెళ్ళే సన్న గొట్టం వేడిగా, అక్కడి నుంచి తిరిగొచ్చే లావు గొట్టం చల్లగా, చెమట పట్టి ఉంటుంది. సన్న గొట్టంలో ఉన్నది వేడిని బయట పారేసి వచ్చిన ద్రవం. లావు గొట్టంలో ఉన్నది కారులోని వేడిని మోసుకొస్తున్న ఆవిరి. ఫ్యాన్లు, బెల్టులు తిరుగుతుంటాయి కాబట్టి ఈ పరిశీలన కళ్ళతో చేస్తే చాలు, చేతులు పెట్టవద్దు.

కారు కింద పడే నీళ్ళు

ఏసీ వేసుకుని ఆపిన కారు కింద నీళ్ళు కారుతుంటే కొత్తగా కారు కొన్నవాళ్ళు కంగారు పడతారు. అవి గాలిలోని తేమ. కూలింగ్ కాయిల్ సున్నాకు రెండు మూడు డిగ్రీల పైన ఉంటుంది కాబట్టి, దాన్ని తాకిన గాలిలోని నీటి ఆవిరి బొట్లుగా మారి, ఒక రబ్బరు గొట్టం ద్వారా కిందికి జారిపోతుంది.

ఈ నీళ్ళకు ఒక లెక్క ఉంది. లీటరు నీళ్ళను ఆవిరి నుంచి ద్రవంగా మార్చాలంటే దాదాపు 2,450 కిలోజౌళ్ళ వేడిని లాగేయాలి. గంటలో లీటరు నీళ్ళు కారాయంటే ఏసీ సామర్థ్యంలో దాదాపు 680 వాట్లు గాలిని ఆరబెట్టడానికే ఖర్చయిపోయాయన్న మాట. నిజామాబాదులో 43 డిగ్రీల పొడి ఎండలో బాగా చల్లబడిన కారే, విశాఖలో 36 డిగ్రీల ఉక్కపోతలో ఆయాసపడటానికి కారణం ఇదే. థర్మామీటరు చూపించని భారం తేమలో ఉంటుంది.

వానాకాలంలో ఈ ఆరబెట్టే గుణమే మనకు అక్కరకొస్తుంది. నలుగురు తడిసి ఎక్కి తలుపులు వేసుకుంటే ముందద్దం లోపలి వైపు మసకేస్తుంది. అప్పుడు ఏసీ వేసి, గాలిని అద్దం మీదికి మళ్ళించి, బయటి గాలి లోపలికి వచ్చేలా పెడితే నిమిషంలో తేటపడుతుంది. కోస్తాలో వానాకాలం రాత్రుళ్ళు దీనికి తలకిందులుగా కూడా జరుగుతుంది. ఏసీ గాలి అద్దానికి నేరుగా తగిలి అద్దం చల్లబడి, బయటి వైపు మసకేస్తుంది. అప్పుడు లోపల గుడ్డతో ఎంత తుడిచినా ఫలితం ఉండదు. వైపర్ ఒకసారి తిప్పి, గాలిని అద్దం మీద నుంచి మళ్ళిస్తే సరిపోతుంది. మసక లోపలుందో బయటుందో వేలితో గీసి చూసుకోవడమే ఇందులో అసలు కిటుకు.

నీళ్ళు కారు కింద కాకుండా ముందు సీటు కాళ్ళ దగ్గర మ్యాటు మీద కనిపిస్తే ఆ రబ్బరు గొట్టం దుమ్ముతో పూడుకుపోయిందని అర్థం. ఖర్చు పెద్దగా లేని రిపేరే. వదిలేస్తే మాత్రం కార్పెట్టు కుళ్ళి, కింద రేకు తుప్పు పడుతుంది.

బెల్టు ఊడదీస్తేనే ఆగే ఏసీ

కంపెనీ నుంచే ఏసీతో వచ్చిన తొలి కారును అమెరికాలో ప్యాకార్డ్ సంస్థ 1939లో ప్రకటించింది. కూలింగ్ కాయిల్ వెనక సీటు వెనక, డిక్కీలో ఉండేది. కంప్రెసర్‌ను ఇంజిన్ నుంచి విడదీసే ఏర్పాటు లేదు. చలికాలం ఏసీ వద్దనుకుంటే ఇంజిన్ ఆపి, బానెట్ ఎత్తి, బెల్టు ఊడదీయాలి. ఖరీదెక్కువ, సౌకర్యం తక్కువ. ఒకటి రెండేళ్ళకే ఆ ప్రయత్నం ఆగిపోయింది.

ఆ లోటు తీర్చింది విద్యుదయస్కాంత క్లచ్. ఏసీ బటన్ నొక్కగానే బానెట్ కింద ‘టక్’ మని వినిపించే చప్పుడు దానిదే. కరెంటు పారగానే అయస్కాంతం ఒక పలకను లాగి, ఖాళీగా తిరుగుతున్న పుల్లీకి కంప్రెసర్‌ను జత చేస్తుంది. కూలింగ్ కాయిల్ మంచు కట్టేంత చల్లబడితే ఒక సెన్సర్ ఈ క్లచ్‌ను విడిపిస్తుంది. కొన్ని కొత్త కార్లలో క్లచ్ బదులు, అవసరాన్ని బట్టి తన పిస్టన్ల ఊపు తగ్గించుకునే కంప్రెసర్ ఉంటుంది. వాటిలో ‘టక్’ వినిపించకపోతే భయపడక్కర్లేదు.

గొట్టాల్లో గ్యాస్ బాగా తగ్గినా, పీడనం ప్రమాదకరంగా పెరిగినా ఒక ప్రెషర్ స్విచ్ కంప్రెసర్‌ను అసలు తిరగనివ్వదు. కంప్రెసర్‌కు కావాల్సిన నూనె గ్యాస్‌తో కలిసే తిరుగుతుంది. గ్యాస్ లేకపోతే నూనె అందదు, నూనె అందకపోతే కంప్రెసర్ పట్టేస్తుంది. ‘ఏసీ రావట్లేదు, ఆ స్విచ్‌కు డైరెక్ట్ వైరు వేసెయ్’ అనే సలహా వినడం అంటే కొన్ని వందల రూపాయల లీకును వేల రూపాయల కంప్రెసర్‌గా మార్చుకోవడం.

గ్యాస్ అయిపోదు

ఏటా మార్చి దాటగానే ఏసీ షాపుల దగ్గర ఒకే సంభాషణ వినబడుతుంది.

“ఏసీ సరిగ్గా రావట్లేదు, చూడు బాబూ.”

“గ్యాస్ అయిపోయింటది సార్. పట్టించేద్దాం.”

పెట్రోలు అయిపోతుంది, ఎందుకంటే అది కాలుతుంది. ఏసీ గ్యాస్ కాలదు, అరగదు. తగ్గిందంటే ఎక్కడో కారిపోయింది. రబ్బరు గొట్టాల గోడల్లోంచి, కంప్రెసర్ ఇరుసు దగ్గరి సీలు నుంచి ఏడాదికి కొద్ది గ్రాములు జారుకోవడం సహజమే. అందుకే ఐదారేళ్ళ కారులో చల్లదనం కాస్త తగ్గితే ఆశ్చర్యం లేదు. ప్రతి వేసవిలోనూ గ్యాస్ పట్టించాల్సి వస్తోందంటే మాత్రం లీకు ఉన్నట్టే. దాన్ని మూయకుండా పట్టించే గ్యాస్ వచ్చే ఏడాదికి మళ్ళీ గాలిలోనే ఉంటుంది.

లీకు తన ఆనవాలు తనే వదులుతుంది. గ్యాస్‌తో పాటు నూనె కూడా ఒక చుక్క బయటికొస్తుంది, దాని మీద దుమ్ము అంటుకుంటుంది. గొట్టాల కీళ్ళ దగ్గర, కండెన్సర్ అడుగు మూలల్లో నల్లటి జిడ్డు మచ్చ కనిపిస్తే ముందు అనుమానించాల్సింది అక్కడే. కండెన్సర్‌కు గులకరాళ్ళ దెబ్బలు తగిలేదీ ఎక్కువగా కింది భాగంలోనే. చూడ్డానికి అల్పంగా కనిపించే మరో దోషి, గ్యాస్ పట్టించే నాజిల్ మీద ఉండాల్సిన ప్లాస్టిక్ మూత. దుమ్ము పడకుండా ఉండటానికే కాదు, గ్యాస్ జారకుండా ఆపడానికీ అది ఉంది. పని అయ్యాక ఆ మూత తిరిగి పెట్టారో లేదో చూసుకోండి.

మంచి మెకానిక్ మూడు పనులు వరసగా చేస్తాడు. మొదట సబ్బునీళ్ళతోనో, నైట్రోజన్ నింపి పీడనం పడిపోతుందేమో చూసో, అతినీలలోహిత కాంతిలో మెరిసే రంగు కలిపో లీకు పడతాడు. మరమ్మతు చేశాక వాక్యూమ్ పంపు పెట్టి కనీసం అరగంట గొట్టాల్లోని గాలినంతా లాగేస్తాడు. ఈ అరగంటను కొంతమంది ఐదు నిమిషాలకు కుదిస్తారు. వాక్యూమ్ ఉన్నది గాలి తీయడానికి మాత్రమే కాదు. పీడనం బాగా పడిపోతే గొట్టాల్లో మిగిలిన నీటి తడి మామూలు వేడికే మరిగి ఆవిరై బయటికొస్తుంది. దానికి సమయం పడుతుంది. ఆ తడి లోపలే మిగిలితే ఎక్స్‌పాన్షన్ వాల్వ్ సన్న రంధ్రంలో మంచుగడ్డై దారి మూసేస్తుంది. ఏసీ పది నిమిషాలు వచ్చి ఆగిపోతుంది. మళ్ళీ కాసేపటికి, మంచు కరిగాక, వస్తుంది. నూనెతో, గ్యాస్‌తో కలిసి ఆ తడి ఆమ్లంగా మారి లోపలి లోహాన్ని తినేస్తుంది కూడా.

మూడో పని, గ్యాస్‌ను తూచి నింపడం. ఇక్కడ వంటింటి సిలిండర్ మళ్ళీ మనకు పాఠం చెబుతుంది. సిలిండర్ నిండుగా ఉన్నా, అడుగున కాస్తే ఉన్నా మంట ఒకేలా వస్తుంది. లోపల ద్రవం ఒక్క గుక్కెడు మిగిలినంత వరకూ పీడనం ఉష్ణోగ్రతను బట్టే ఉంటుంది, పరిమాణాన్ని బట్టి కాదు. అందుకే ఆపి ఉన్న ఏసీకి గేజి తగిలించి ‘గ్యాస్ సగమే ఉంది’ అంటే నమ్మనక్కర్లేదు. ఏసీ నడుస్తుండగా రెండు వైపులా గేజిల్లో కనిపించే అంకెలు రోగం చెబుతాయి గానీ, గ్యాస్ ఎంతుందో కచ్చితంగా తెలియాలంటే ఉన్నదంతా యంత్రంలోకి తీసి తూచాలి. ఎంత నింపాలో బానెట్ కింద అంటించిన చీటీ మీద గ్రాముల్లో రాసి ఉంటుంది, పక్కనే గ్యాస్ రకం కూడా. ‘ఇంకాస్త వేయి బాబూ, బాగా కూల్ అవుతుంది’ అని బతిమాలితే ఫలితం తలకిందులవుతుంది. ఎక్కువైన ద్రవం కండెన్సర్‌లో చోటు ఆక్రమిస్తుంది, వేడి బయటికి పోయే జాగా తగ్గుతుంది, పీడనం పెరుగుతుంది, చల్లదనం పడిపోతుంది.

చౌక గ్యాస్ జోలికి అసలు పోవద్దు. వంటగ్యాస్ కూడా చల్లబరుస్తుంది, ఆ సంగతి పెళ్ళి సిలిండరే చూపించింది. కానీ కూలింగ్ కాయిల్ ఉండేది మనం కూర్చునే క్యాబిన్ గాలి దారిలో. అక్కడ లీకైతే మండే గ్యాస్ మూసిన అద్దాల మధ్య నిండుతుంది. నకిలీ గ్యాస్ ఇంకా దారుణం. 2011లో ఆర్-134ఎ పేరుతో మిథైల్ క్లోరైడ్ కలిపిన సరుకు నింపిన శీతల రవాణా కంటెయినర్లు కొన్ని పేలిపోయి, వియత్నాం, బ్రెజిల్ దేశాల్లో కార్మికులు చనిపోయారు. మిథైల్ క్లోరైడ్ అల్యూమినియంతో కలిసి, గాలి తగిలితే చాలు భగ్గుమనే పదార్థాన్ని తయారుచేస్తుంది. ఏసీలో భాగాలు ఎక్కువగా అల్యూమినియంవే.

ఫిర్యాదులే ఆనవాళ్ళు

వేడి దారి తెలిసినవాడికి లక్షణాలు చాలా చెబుతాయి.

సిగ్నల్ దగ్గర ఆగితే వేడి గాలి, హైవే ఎక్కితే చల్లగాలి వస్తోందా? కండెన్సర్ మీదికి గాలి చాలడం లేదు. బండి కదిలితే గాలి దానంతట అదే తగులుతుంది, ఆగితే ఫ్యాన్ తోయాలి. ఫ్యాన్ తిరగకపోవడమో, రెక్కల మధ్య బురద, పురుగులు పేరుకోవడమో కారణం. మామూలు నీళ్ళ పైపుతో మెల్లగా కడిగితే చాలు. వాటర్ సర్వీసింగ్‌లో వాడే ప్రెషర్ గన్ దగ్గర పెట్టి కొడితే కాగితం లాంటి ఆ రెక్కలు వంగిపోయి, గాలి దారి శాశ్వతంగా మూసుకుపోతుంది.

గాలి చల్లగానే ఉంది, కానీ బ్లోయర్ ఎంత పెంచినా చప్పుడే తప్ప గాలి రావడం లేదా? క్యాబిన్ ఫిల్టర్ నిండిపోయింది. చాలా కార్లలో ఇది గ్లవ్‌బాక్స్ వెనక ఉంటుంది, పనిముట్లు లేకుండానే తీయవచ్చు. బయటికి లాగితే బూడిదరంగు దుమ్ము, ఎండుటాకులు, చచ్చిన దోమలు కనిపిస్తాయి. కొన్నాళ్ళు కదలకుండా చెట్టుకింద ఉన్న బండిలో ఎలుక గూడు కూడా కనిపించవచ్చు. మన దుమ్ముకు ఏడాదికోసారి మార్చడం మంచిది.

మొదట చల్లగా వచ్చి, గంట ప్రయాణం తర్వాత గాలి తగ్గిపోతోందా? కూలింగ్ కాయిల్ మంచు కట్టి, రెక్కల సందులు మూసుకుపోతున్నాయి. ఏసీ బటన్ ఆపి బ్లోయర్ మాత్రం కాసేపు ఉంచితే గాలి మళ్ళీ వస్తుంది. దాంతో అనుమానం రుజువైనట్టే. సెన్సర్ చూపించుకోవాలి.

ఏసీ వేయగానే తడిబట్టల ముక్కవాసన వస్తోందా? తడిగా ఉండే కాయిల్ మీద బూజు, బ్యాక్టీరియా పెరిగాయి. గ్యాస్‌కూ దీనికీ సంబంధం లేదు. ఇల్లు రెండు మూడు నిమిషాల దూరంలో ఉందనగా ఏసీ ఆపి బ్లోయర్ మాత్రం నడిపితే కాయిల్ ఆరిపోతుంది. రోజూ ఇది చేసే కారులో వాసన రావడం అరుదు. సెంటు సీసాలు వాసనను దాస్తాయే తప్ప బూజును చంపవు.

అన్నీ బాగున్నా చల్లదనం మెల్లమెల్లగా తగ్గుతూ వచ్చిందా? అప్పుడు లీకు వెతకాలి. గ్యాస్ మాట ఎత్తాల్సింది ఇక్కడ, మొదటి వాక్యంలో కాదు.

చలికాలం నెలల తరబడి ఏసీ వాడనివాళ్ళు వారానికోసారి పది నిమిషాలు వేయడం మంచిది. లోపలి నూనె తిరిగి, కంప్రెసర్ సీలు ఎండిపోకుండా ఉంటుంది. ఎండిన సీలు లీకుకు వాకిలి.

డ్రైవరు చేతిలో ఉన్నవి

ఎండలో ఆపిన కారు లోపలి వేడి, బయటి వేడి కంటే గంటలో 20 డిగ్రీలకు పైగా పెరుగుతుంది. ఆ పెరుగుదలలో చాలా భాగం మొదటి అరగంటలోనే. అద్దాలు వేలెడంత దించి ఉంచినా పెద్ద తేడా ఉండదు. రెంటచింతలలోనో రామగుండంలోనో 45 డిగ్రీల మధ్యాహ్నం ఇది ఎంతకు చేరుతుందో ఊహించుకోండి. ‘రెండు నిమిషాల్లో వస్తా’ అని పసిపిల్లలను కారులో వదిలి వెళ్ళడం ప్రాణాంతకం. పిల్లల ఒళ్ళు పెద్దల కంటే చాలా త్వరగా వేడెక్కుతుంది. ఇంటి ముందు ఆపిన కారుకు తాళం వేయాలనేది కూడా అందుకే, ఆడుకుంటూ పిల్లలు లోపలికెక్కి తలుపు వేసుకునే ప్రమాదం ఉంది.

కాలిపోతున్న కారులో ఎక్కగానే ఏసీ వేసి తలుపులు మూసుకోవడం తెలివి తక్కువ. లోపలి గాలి 60 డిగ్రీలుంటే, దానికంటే బయటి 42 డిగ్రీల గాలే మేలు. అద్దాలు దించి ఒకటి రెండు నిమిషాలు నడపండి, ఆ వేడి ఉచితంగా పోతుంది. తర్వాత అద్దాలెత్తి, లోపలి గాలే తిరిగే మీట నొక్కి, బ్లోయర్ పెంచండి. అప్పటి నుంచి ఏసీ చల్లబరిచిన గాలినే మళ్ళీ చల్లబరుస్తుంది.

అయితే ఆ మీటను ప్రయాణమంతా అలాగే వదిలేయకూడదు. ఒక మనిషి గంటకు సుమారు 20 లీటర్ల కార్బన్ డయాక్సైడ్ వదులుతాడు. నలుగురైతే 80 లీటర్లు. కారు లోపలి గాలి మొత్తం 3,000 లీటర్లకు అటూ ఇటూ. బయటి గాలిలో పది లక్షల పాళ్ళకు సుమారు 420 పాళ్ళుండే ఆ వాయువు, మూసిన కారులో కొద్ది నిమిషాల్లోనే వేలల్లోకి పోతుంది. తలబరువు, ఆవులింతలు మొదలవుతాయి. విజయవాడ నుంచి హైదరాబాదు వెళ్ళేటప్పుడు అరగంటకోసారి కొన్ని నిమిషాలు బయటి గాలి రానిస్తే డ్రైవరు కునుకుపాట్లకు ఒక కారణం తగ్గుతుంది.

చల్లదనం ఎక్కువైందని ఉష్ణోగ్రత మీటను మధ్యకు తిప్పితే ఇంధనం ఆదా అవుతుందని చాలామంది నమ్మకం. చేత్తో తిప్పే మామూలు ఏసీల్లో కంప్రెసర్ పని అంతగా తగ్గదు. చల్లబరిచిన గాలిలో ఇంజిన్ నుంచి వచ్చే వేడిని కలుపుతారు, అంతే. బ్లోయర్ తగ్గించడం, అక్కర్లేనప్పుడు ఏసీ బటన్ ఆపడం నిజమైన పొదుపు.

ఇంజిన్ ఆన్‌లో పెట్టి, అద్దాలు మూసి, ఏసీలో నిద్రపోవడం మాత్రం ఎప్పుడూ చేయకండి. పొగగొట్టం లీకైనా, షెడ్డులాంటి మూసిన చోట ఆగి ఉన్నా, రంగూ వాసనా లేని కార్బన్ మోనాక్సైడ్ లోపలికొస్తుంది. నిద్రలో ఉన్నవాళ్ళను అది మేలుకోనివ్వదు.

అరకిలో గ్యాస్ బరువు

జనరల్ మోటార్స్ కోసం పనిచేసిన థామస్ మిడ్జ్‌లీ 1920ల చివర్లో కనిపెట్టిన ఫ్రియాన్, అంటే ఆర్-12, మండదు, విషం కాదు. 1930లో ఆయన దాన్ని గుండెల నిండా పీల్చి, వదిలిన ఊపిరితో కొవ్వొత్తి ఆర్పి చూపించాడు. దశాబ్దాల పాటు కారు ఏసీల్లో అదే రాజ్యమేలింది. భూమి మీద ఏమీ చేయని ఆ పదార్థం పై వాతావరణంలో ఓజోన్‌ను తినేస్తుందని 1974లో మొలీనా, రోలండ్ అనే శాస్త్రవేత్తలు చెప్పారు. అలాంటి పదార్థాలను తగ్గించడానికి 1987లో మాంట్రియల్ ఒప్పందం కుదిరింది. ఆ ఇద్దరికీ, మరో శాస్త్రవేత్త క్రూట్జెన్‌కూ కలిపి 1995లో నోబెల్ వచ్చింది. 1990ల నుంచి కార్లలోకి ఆర్-134ఎ వచ్చింది.

ఇది ఓజోన్ జోలికి పోదు. కానీ భూమిని వేడెక్కించడంలో, వందేళ్ళ లెక్కన, కార్బన్ డయాక్సైడ్ కంటే దాదాపు 1,430 రెట్లు బలమైనది. ఒక కారులోని అరకిలో గాలిలో కలిస్తే 715 కిలోల కార్బన్ డయాక్సైడ్ వదిలినట్టు. లీటరు పెట్రోలు కాలితే వచ్చేది 2.3 కిలోలు. అంటే ఒక్క లీకు 300 లీటర్లకు పైగా పెట్రోలు తగలేసినంత పాపం. పాత గ్యాస్‌ను నాజిల్ నొక్కి ‘బుస్’మని గాలిలోకి వదిలే అలవాటు ఎంత చెడ్డదో ఈ లెక్క చెబుతుంది. దాన్ని యంత్రంలోకి తీసి, శుద్ధిచేసి మళ్ళీ వాడవచ్చు.

మాంట్రియల్ ఒప్పందానికి ర్వాండా రాజధాని కిగాలీలో 2016లో కుదిరిన సవరణ ఈ తరహా గ్యాస్‌లను తగ్గించాలంటుంది. భారత్ 2021లో ఆమోదించింది. మనకు 2028లో గరిష్ఠ పరిమితి మొదలై, 2032 నుంచి కోతలు పడి, 2047కి 85 శాతం తగ్గాలి. ఐరోపాలో 2017 నుంచి కొత్త కార్లన్నిటికీ ఆర్-134ఎ నిషిద్ధం. అక్కడ ఎక్కువగా వాడే ఆర్-1234వైఎఫ్ గాలిలో కొద్దిరోజుల్లోనే విడిపోతుంది. అయితే ధర ఎక్కువ, కొద్దిగా మండే గుణమూ ఉంది. ఈ రెండు గ్యాస్‌లనూ ఒకదానితో ఒకటి కలపకూడదు. చీటీ చదవకుండా నింపనివ్వకపోవడానికి ఇది మరో కారణం.

ఎలక్ట్రిక్ కార్లలో కంప్రెసర్‌ను ప్రత్యేక మోటారు తిప్పుతుంది. చాలా మోడళ్ళలో బ్యాటరీని చల్లబరిచేదీ అదే గ్యాస్. అక్కడ ఏసీ పాడైతే మనకు చెమట పట్టడంతో ఆగదు, బ్యాటరీ కూడా వేడెక్కుతుంది. వాటిలో నూనె కూడా వేరు, కరెంటును పారనివ్వని రకం. మామూలు కారు నూనె పడితే హై వోల్టేజీ మోటారుకు ముప్పు. హై వోల్టేజీ కరెంటు పారే నారింజ రంగు కేబుళ్ళు కనిపించే చోట శిక్షణ లేని చేయి పడకూడదు.

కార్లలో చూస్తున్న ఈ యంత్రం ఇప్పుడు లారీలకూ వస్తోంది. 2025 అక్టోబరు 1 నుంచి తయారయ్యే మధ్యతరహా, భారీ లారీలకు డ్రైవర్ క్యాబిన్‌లో ఏసీ తప్పనిసరైంది. ఇంజిన్ పక్కనే కూర్చుని వేసవి పగళ్ళు దాటించేవాళ్ళకు అది విలాసమని ఎవరూ అనలేరు. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల ఏసీ పని ఇంకా పెరుగుతుంది. ఆ పని ఎలా జరగాలో కొంత మన ప్రశ్నల మీద కూడా ఆధారపడి ఉంది. గ్యాస్ పట్టిస్తానన్న మెకానిక్‌ను నాలుగు మాటలు అడగండి: లీకు ఎక్కడుందో చూపిస్తావా? పాత గ్యాస్‌ను గాలిలోకి వదలకుండా తీస్తావా? వాక్యూమ్ అరగంట పెడతావా? చీటీలో ఉన్నన్ని గ్రాములే తూచి నింపుతావా? నాలుగింటికీ ‘అలాగే సార్’ అన్నవాడి షాపు దూరమైనా అక్కడికే వెళ్ళండి.